తరిగొండ ఆయమ్మకి తిక్క అన్నారు

తిరుమలకి పోయినోళ్లు శానామంది అన్నం తినేది తరిగొండ వెంగమాంబ పేరున్న అన్నప్రసాద కేంద్రంలోనే. మన హిందూపురం, పెనుకొండ పిల్లోళ్లు కూడా ఆడ తిని, చేయి కడుక్కుని వస్తారు. ఆయమ్మని ఒకప్పుడు సొంతూరే తిక్కది అనిందని ఎంతమందికి తెలుసు?

1730లో గుర్రంకొండ దగ్గర తరిగొండలో పుట్టింది. నాయన కృష్ణయ్య, అమ్మ మంగమాంబ. గుళ్లో కూర్చుంటే లేచేది కాదు, తనలో తాను పాడుకునేది. ఊరు దానికి పిచ్చి అని పేరు పెట్టింది. పిచ్చికి మందు పెండ్లి అనుకునే కాలం. (ఇప్పుడూ అదే మందు చెప్పే పెద్దమనుషులు మన పల్లెల్లో ఉండారు.) చేసినారు. మొగుడు వెంకటాచలపతి చిన్నప్పుడే పోయినాడు.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. బొట్టు తీయనంది, తల గొరిగించుకోనంది. పుష్పగిరి స్వామి ఊరికొస్తే పెద్దలు ఆయన ముందర పంచాయతీ పెట్టినారని చెప్పుకుంటారు. చివర్లో మహిమ జరిగిందంటారు, నమ్మేవాళ్లు నమ్మండి. నాకు కనబడేది వేరే. తన తలెంటికల మీద తన మాటే చెల్లాలని ఒక ఒంటరి ఆడమనిషి ఊరంతటికీ ఎదురు నిలబడింది. గుళ్లో ధ్యానంలో ఉంటే పూజారి జుట్టు పట్టి ఈడ్చినాడని కూడా కథ. అప్పుడు ఊరిడిచి కొండెక్కింది. తుంబురుకోనలో ఏండ్ల తరబడి ఉండిందంటారు. వెంకటాచల మాహాత్మ్యం, వాసిష్ఠ రామాయణం రాసింది. 1817లో పోయింది. తిరుమలలో రాత్రి ఇచ్చే ముత్యాలహారతి ఈపొద్దుకీ ఆయమ్మ పేరు మీదే.

ఆమె పోయిన రెండొందల ఏండ్లకి, 2017లో, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. ఊరి ఆచారానికి, నమ్మకానికి ఎదురు నడిచినంత మాత్రాన మనిషికి పిచ్చి అని తేల్చగూడదని 3వ సెక్షన్ చెబుతాది. బలవంతంగా గుండు కొట్టగూడదని 20వ సెక్షన్. గొలుసులతో కట్టేయగూడదని 95వ సెక్షన్. చదువుతుంటే వెంగమాంబను ముందర కూర్చోబెట్టుకుని రాసినట్టే ఉంది నాకు.

అట్లని జబ్బే ఉండదని కాదప్పా. ఉంటాది, మందులతో తగ్గుతాది కూడా. ధర్మవరం దిక్కు అప్పుల్లో మునిగి నిద్రపోని మగ్గం మనిషికి కావాల్సింది డాక్టరు, తాయెత్తు కాదు. నేను గొడవపడేది బలవంతం గురించి. కులం దాటి ప్రేమించిందని, ఆస్తిలో భాగమడిగిందని ఆడబిడ్డకి తిక్క అంటగట్టి, గదిలో పెట్టి గడియ వేసే ఇండ్లు ఉండాయి కదా.

మనిషి ఒప్పుకోకపోయినా ఆసుపత్రిలో చేర్చాలంటే ఇద్దరు నిపుణులు వేర్వేరుగా చూడాల, అందులో ఒకరు సైకియాట్రిస్టు అయ్యుండాల. మొదట 30 దినాల కంటే ఎక్కువ పెట్టుకోగూడదు. ఆడమనిషైతే 3 దినాల్లో, మగోడైతే 7 దినాల్లో రివ్యూ బోర్డుకి చెప్పాల. ఆ బోర్డుకి అర్జీ పెట్టుకునే హక్కు చేరినోళ్లకి ఉంది, దానికి వకీలును ఉచితంగా అడగొచ్చు. మనసు బాగలేనోళ్లు, వాళ్ల ఇంటోళ్లు మాట్లాడేదానికి టెలిమానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు.