సాలూరి రాజేశ్వరరావు – రాగం చెడకుండా కార్డ్ కలిపిన సంగీతకారుడు

'మల్లీశ్వరి' తీసిన బి.ఎన్.రెడ్డి గారు మన పులివెందుల ప్రాంతంలోని కొత్తపల్లెలో పుట్టారని హాస్టల్లో చాలామందికి తెలుసు. ఆ సినిమాకు సంగీతం ఇచ్చిన సాలూరి రాజేశ్వరరావు గారి గురించి తెలిసినవారు తక్కువ. గిటారు పట్టిన తమ్ముళ్ల కోసం ఆయన గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

రాజేశ్వరరావు గారు 1922 అక్టోబర్ 11న సాలూరు దగ్గర శివరామపురంలో జన్మించారు. తండ్రి సన్యాసిరాజు గారు పాటలు రాసేవారు, మృదంగం వాయించేవారు. పదకొండు, పన్నెండేళ్లకే ఈ పిల్లవాడి పాటలను హచిన్స్ కంపెనీ వారు గ్రామఫోను రికార్డులుగా తెచ్చారు. 1935లో 'శ్రీకృష్ణ లీలలు'లో కృష్ణుడు, మరుసటి ఏడు 'మాయాబజార్'లో అభిమన్యుడు ఆయనే. (మనం చూసే 1957 నాటి మాయాబజార్ వేరు. దానికీ మొదట కొన్ని బాణీలు కట్టింది ఈయనే, తర్వాత ఘంటసాల గారు పూర్తి చేశారు.) సినిమా పని మీద కలకత్తా వెళ్లి సైగల్, పంకజ్ మల్లిక్ వంటి వారి పరిచయంతో హిందుస్తానీ సంగీతం వంటబట్టించుకున్నారు. మనం ఏడో తరగతి చదివే వయసులో ఆయన ఊరు, భాష దాటి వెళ్లి పని నేర్చుకున్నారు!

మద్రాసు వచ్చాక జెమినీ సంస్థలో పనిచేశారు. 1948 నాటి 'చంద్రలేఖ'లో కర్ణాటక, హిందుస్తానీ బాణీలు, పాశ్చాత్య వాద్యాలు అన్నీ కలిశాయి. అలా కలపడం ఎంత కష్టమో గిటారు పట్టినవారికే తెలుస్తుంది.

మోహన రాగం తీసుకోండి. స రి గ ప ద, ఐదే స్వరాలు. వాటితో కట్టగలిగే మూడు స్వరాల కార్డ్‌లు రెండే: స-గ-ప మేజర్, ద-స-గ మైనర్. స ను సి అనుకుంటే సి మేజర్, ఎ మైనర్ అన్నమాట. కానీ మనవాళ్లు అలవాటుగా సి, ఎఫ్, జి వాయిస్తారు. ఎఫ్ లో మధ్యమం, జి లో నిషాదం ఉన్నాయి. అవి మోహనలో లేవు. రాగం అక్కడే చెడుతుంది. ఇంకో సంగతి, కార్డ్ మారినప్పుడు స్వరాలు అవే ఉన్నా ఆగే చోటు మారాలి. సి మేజర్ మీద పంచమం దగ్గర ఆగితే నిండుగా ఉంటుంది, ఎ మైనర్ వచ్చేసరికి దైవతం ఇల్లు అవుతుంది. స్కేలు పైకీ కిందికీ పరుగెత్తించడం ఒక్కటే వస్తే ఇది పట్టుబడదు. గమకం ఉన్న స్వరం కింద కదలకుండా నిలిచే కార్డ్ పెడితే రెండూ కొట్టుకుంటాయి, అది వేరే తలనొప్పి.

రాజేశ్వరరావు గారి పాటల్లో ఈ గొడవ వినబడదు. నా అభిప్రాయంలో ఆయన గొప్పతనం అదే. 1951లో 'మల్లీశ్వరి', 1955లో 'మిస్సమ్మ' వచ్చాయి. మొదటిది పదహారో శతాబ్దపు విజయనగర కథ కనుక సంగీతం నేలమీదే నడుస్తుంది. దానికి అద్దేపల్లి రామారావు గారి సహకారం కూడా ఉంది. రెండోదాని నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డి గారు బి.ఎన్.రెడ్డి గారి తమ్ముడే. అంటే ఈ రెండు సినిమాల వెనుకా మన జిల్లా చెయ్యి ఉంది. తర్వాత ఆయన చేసిన పియానో పాటల్లో గొంతు రాగం వదలదు, వెనుక కార్డ్‌లు మాత్రం మారుతూ పోతాయి.

1999 అక్టోబర్ 25న 77 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. 'మిస్సమ్మ' పాటల్లో ఏదైనా ఒకటి పెట్టుకుని, పాడే గొంతును వదిలేసి వెనుక వాద్యాలను మాత్రమే రెండుసార్లు వినండి. మూడోసారి గిటారు తీసుకోండి.