రాజు అప్పుకు రైతు జామీను

కర్మన్‌ఘాట్ హనుమాన్ గుడి దాటి పోతుంటే ఇక్కడ ఫలానా వాళ్ల పొలం గట్టుండేదని చూపే ముసలివాళ్లు ఇంకా ఒకరిద్దరున్నారు. పొద్దున్నే అడ్డా మీద నిలబడే నల్లగొండ, పాలమూరు కూలీలతో మాట్లాడుతుంటే మాకు మాటిమాటికీ తగిలే మాట ఒకటుంది: జామీను. బావమరిది అప్పుకు సంతకం పెట్టి, అతను ఊరిడిచిపోతే తాను దొరికిపోయినవాడు ప్రతి అడ్డాలోనూ ఉంటాడు.

సంతకం పెట్టినవాడి బాధ అది. సంతకం అడగకుండానే ఒక రాజ్యం అప్పుకంతటికీ జామీనుగా నిలబెట్టబడిన రైతుల సంగతి ఈసారి చెప్పుకుందాం. ఆ అప్పులు తెచ్చిన మనిషి పేరు మీద హైదరాబాదులో ఇవాళ్టికీ బారాదరి ఉంది. ఆయనే మహారాజా చందూలాల్.

1766లో ఖత్రీ కుటుంబంలో పుట్టాడు. నిజాం కొలువులో లెక్కల మనిషిగా పైకొచ్చి 1806లో పేష్కారయ్యాడు. 1809 నుంచి దివానుగిరీ మునీరుల్ ముల్క్‌ది, పెత్తనం చందూలాల్‌ది. ఉర్దూ, పారశీకాల్లో షాదాన్ అనే కలం పేరుతో కవిత్వం రాశాడు. దానధర్మాల్లో చెయ్యి పెద్దది. ఆ చేతిని పొగిడిన కవులు ఎందరో ఉన్నారు. అందులోకి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందని అడిగినవాళ్లే తక్కువ.

డబ్బు ఎక్కువగా పోయింది ఫౌజుకు. మన దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గరలో గుట్ట మీద ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. ఆయన 1798లో చనిపోయాడు, ఆయన పటాలాన్ని ఆ ఏడే ఇంగ్లీషువాళ్లు రద్దు చేయించారు. తర్వాత వాళ్ల రెసిడెంటు హెన్రీ రస్సెల్ కొత్త పటాలాలు పెట్టించాడు. అధికారులు ఇంగ్లీషువాళ్లు, జీతాలు నిజాం ఖజానావి. ఖర్చు ఏటా 40 లక్షల దాకా ఎక్కింది.

నెలనెలా అంత సొమ్ము ఎక్కడిది? రెసిడెన్సీ నీడలోనే విలియం పామర్ కంపెనీ వెలిసింది. ఇంగ్లీషువాళ్లు దేశీయ రాజులకు అప్పులివ్వకూడదని 1797 చట్టం చెప్పినా, 1816లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఈ కంపెనీకి అనుమతిచ్చాడు. భాగస్వామి రంబోల్డ్ ఆయన ఇంట్లో పెరిగిన పిల్లకు మొగుడు. వడ్డీ నూటికి 25 దాకా పోయింది. 1820లో 60 లక్షల అప్పని రాసుకున్నదాంట్లో 8 లక్షలు కంపెనీకి బహుమానమే. అప్పు తీర్చడానికి తాలూకాల శిస్తును వాళ్లకు రాసిచ్చారు.

శిస్తు ఎలా వచ్చేదో కూడా చూడాలి. తాలూకాను ఇజారాకు పట్టినవాడు ముందే నజరానా కట్టాలి, దానికి షావుకారు జామీనుండాలి. రేపు ఇంకొకడు ఎక్కువ పాడితే తాలూకా వాడిదవుతుంది. అందుకే ఉన్నన్ని రోజులు పిండుకునేవాడు. కొత్తవాడు వచ్చి, పాతవాడికి కట్టిన శిస్తునే మళ్లీ కట్టమనేవాడు. రైతులు ఊళ్లు విడిచి పోయారు. నగరంలో అరబ్ జమేదార్లు అప్పులకు హామీ పడి, బాకీదారు గుమ్మంలో కూచునేవాళ్లు, లేకుంటే తమ ఇంట్లోనే బంధించేవాళ్లు. ఆపమని హుకుం ఇచ్చే కోర్టు లేదు.

సరిగ్గా ఆ ఏళ్లలోనే అమెరికాలో, న్యూయార్కు రాష్ట్రంలో, అలాంటి హుకుములిచ్చే కోర్టు ఒకటుండేది. అప్పు వసూలు అన్యాయమని తోస్తే నిలిపివేయగలిగేది. 1817లో ఒక జామీనుదారు అక్కడికి పోయాడు. బాకీదారు దగ్గర సొమ్మున్నప్పుడే వసూలు చేసుకోమని చెబితే అప్పిచ్చినవాడు ఊరుకున్నాడు, తీరా బాకీదారు దివాలా తీశాక తన మీద పడ్డాడని గోడు. జడ్జి జేమ్స్ కెంట్ ఒప్పుకోలేదు. 1819లో పై కోర్టు ఆ తీర్పును తిరగేసింది. మన 1872 కాంట్రాక్టు చట్టం 137వ సెక్షన్ మాత్రం కెంట్ వైపే నిలిచింది: అప్పిచ్చినవాడు వసూలు చేయకుండా ఊరకుంటే అంతమాత్రాన జామీనుదారు విడుదల కాడు. సంతకం పెట్టేముందు అడ్డా మీది అన్నదమ్ములు ఇది తెలుసుకోవాలి.

మన రైతుకు కెంటూ లేడు, పై కోర్టూ లేదు. 1820 ఆఖరులో వచ్చిన రెసిడెంటు మెట్‌కాఫ్ కొంత అడ్డుపడ్డాడు. ఊరూరా శిస్తు ఇంతని ఖాయం చేయించి, మీద ఇంగ్లీషు అధికారులను కాపలా పెట్టాడు. ఆయన రైతు పక్షమని మేమనం, కంపెనీ సర్కారు పరువు కోసం చేసిన పని అది. అయినా కొన్నేళ్లు రైతుకు ఊపిరాడింది.

పామర్ బాకీ తీరిన తీరు చూడండి. ఉత్తర సర్కార్లకు, అంటే శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న నేలకు, ఇంగ్లీషువాళ్లు నిజాంకు ఏటా 7 లక్షల పేష్కష్ కట్టాలి. 1823లో ఆ హక్కును శాశ్వతంగా వదులుకుని నిజాం ఒక్కసారిగా 1,16,66,666 రూపాయలు తీసుకున్నాడు. అందులోంచి పామర్ కంపెనీకి చెల్లు పెట్టారు. కోస్తా రైతు నాగలి కింది నేల తాలూకు హక్కు హైదరాబాదు వడ్డీలో కరిగిపోయింది. కంపెనీ మాత్రం 1824లో దివాలా తీసింది.

1829లో కొత్త నిజాం నాసిరుద్దౌలా కోరితే ఇంగ్లీషు కాపలా తీసేశారు. మళ్లీ ఇజారాలు వచ్చాయి, మళ్లీ అప్పులు పెరిగాయి. ఈసారి పెస్తన్‌జీ అనే బొంబాయి పార్సీ కోఠీకి బేరారు శిస్తులు తాకట్టు పోయాయి. 1843లో చందూలాల్ దిగిపోయాడు. 1845లో కన్నుమూశాడు.

పటాలం బాకీ చావలేదు. 1853 మే 21న బేరారు, రాయచూరు దోఆబు, ధారాశివ్ ఇంగ్లీషువాళ్ల చేతికి పోయాయి. చివరి రెండూ 1860లో తిరిగొచ్చాయి. బేరారు రాలేదు. 1902లో దాన్ని ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలుకు రాయించుకున్నారు.