లిటిల్ వాల్టర్

లిటిల్ వాల్టర్ (మే 1, 1930 - ఫిబ్రవరి 15, 1968) అమెరికా దేశానికి చెందిన సుప్రసిద్ధ బ్లూస్ సంగీతకారుడు, హార్మోనికా విద్వాంసుడు, గాయకుడు, గీత రచయిత. ఇతని అసలు పేరు మారియన్ వాల్టర్ జేకబ్స్. మన దేశంలో మౌత్ ఆర్గాన్ అని పిలిచే ఈ చిన్న వాద్యానికి మైకు, వాల్వు యాంప్లిఫయర్ల సహాయంతో ఒక కొత్త స్వరూపాన్ని ఇచ్చిన ఘనత ఇతనిది. ఇతడు మరణించి అర్ధ శతాబ్దం దాటినా, ఆ ధ్వనిని డిజిటల్ పరికరాలలో బంధించడానికి హార్మోనికా వాద్యకారులు నేటికీ ప్రయత్నిస్తున్నారు.

బాల్యం

వాల్టర్ లూసియానా రాష్ట్రంలోని మార్క్స్‌విల్‌లో జన్మించాడు. కొన్ని పత్రాలలో ఇతని జన్మ సంవత్సరం వేరుగా ఉన్నది. బాల్యం అదే రాష్ట్రంలోని అలెగ్జాండ్రియా పరిసరాలలో గడిచింది. పన్నెండేళ్ళ ప్రాయానికే చదువు మానివేసి ఊరు విడిచాడు. న్యూ ఆర్లియన్స్, మెంఫిస్, హెలీనా, సెయింట్ లూయిస్ మొదలైన పట్టణాలలో చిన్నచిన్న పనులు చేస్తూ, వీధులలో వాయిస్తూ పొట్టపోసుకున్నాడు. రెండవ సన్నీ బాయ్ విలియమ్సన్, హనీబాయ్ ఎడ్వర్డ్స్ వంటి పెద్దల సాంగత్యంలో తన విద్యకు మెరుగులు దిద్దుకున్నాడు. లూయిస్ జోర్డాన్ శాక్సోఫోన్ వాదన శైలి కూడా ఇతనిపై ప్రభావం చూపింది.

షికాగోలో

1940ల మధ్యకాలంలో షికాగో చేరుకున్న వాల్టర్, ఆ నగరంలోని మాక్స్‌వెల్ వీధి సంతలో వాయించేవాడు. 1947లో ఓరా నెల్ అనే చిన్న సంస్థకు తన మొదటి రికార్డులు ఇచ్చాడు. ఆ వీధిలోని ఒక రేడియో, రికార్డుల దుకాణం వెనుక గదిలోనే వాటిని రికార్డు చేశారు. 1948లో మడ్డీ వాటర్స్ బృందంలో చేరాడు. కొద్దికాలానికే చెస్ సంస్థ వెలువరించిన మడ్డీ వాటర్స్ రికార్డులలో ఇతని హార్మోనికా వినిపించసాగింది.

యాంప్లిఫయర్ వినియోగం

ఆ రోజులలో షికాగో సంగీత బృందాలలో ఎలక్ట్రిక్ గిటార్ వాడకం పెరిగింది. దాని హోరులో హార్మోనికా వినిపించేది కాదు. ఈ ఇబ్బందిని అధిగమించడానికి వాల్టర్ ఒక చిన్న మైకును హార్మోనికాతో కలిపి రెండు అరచేతుల మధ్య బిగించి పట్టుకొని, దానిని గిటార్ యాంప్లిఫయరుకు గాని, సభలలో ఉపయోగించే యాంప్లిఫయరుకు గాని కలిపి వాయించాడు. ఈ పద్ధతిని అనుసరించినవారిలో ఇతడే ప్రథముడు కాడు. స్నూకీ ప్రయర్ వంటివారు కూడా ఆ కాలంలో మైకుతో వాయించారు. అయితే వారి ఉద్దేశం ప్రధానంగా శబ్దాన్ని పెంచడమే. వాల్టర్ యాంప్లిఫయరును దాని పరిమితిని మించి పనిచేయించి, అప్పుడు పుట్టే ధ్వని వికృతిని సంగీతంగా మలచుకున్నాడు. యాంప్లిఫయరుతో ఇతడు వాయించిన తొలి రికార్డుగా జూలై 11, 1951న రికార్డు చేసిన మడ్డీ వాటర్స్ పాట 'కంట్రీ బాయ్'ను పేర్కొంటారు.

ఈ ధ్వని పుట్టుకకు పలు కారణాలున్నాయి. మైకు చుట్టూ చేతులు గాలి చొరబడకుండా మూసినపుడు తారస్థాయి ధ్వనులు అణగి, మధ్యస్థాయి ధ్వనులు ముందుకు వస్తాయి. మైకు నుండి వెలువడే సంకేతం బలపడుతుంది. సంకేతం హద్దు మీరినపుడు వాల్వులు దాని తరంగ శిఖరాలను ఒక్కసారిగా కత్తిరించక, క్రమక్రమంగా అణచివేస్తాయి. అందువలన మెల్లగా ఊదితే స్వచ్ఛమైన స్వరం, గట్టిగా ఊదితే గరుకైన, నిండైన స్వరం పలుకుతాయి. చేతులు కొద్దిగా తెరిచినా నాదం మారిపోతుంది. ఈ విధంగా ఊపిరి, చేతులు, మైకు, యాంప్లిఫయరు కలిసి ఒకే వాద్యమైనాయి.

'జ్యూక్' విజయం

మే 12, 1952న వాల్టర్ తన పేరు మీద 'జ్యూక్' అనే వాద్య రచనను రికార్డు చేశాడు. చెస్ అనుబంధ సంస్థ చెకర్ విడుదల చేసిన ఈ రికార్డు, బిల్‌బోర్డ్ రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో ఎనిమిది వారాలు ప్రథమ స్థానంలో నిలిచింది. ఆ జాబితాలో ప్రథమ స్థానం పొందిన హార్మోనికా వాద్య రచన ఇదొక్కటే. ఈ విజయంతో ఇతడు మడ్డీ వాటర్స్ బృందాన్ని వీడి, డేవిడ్ మయర్స్, లూయిస్ మయర్స్, ఫ్రెడ్ బిలో సభ్యులుగా సొంత బృందాన్ని నడిపాడు. మడ్డీ వాటర్స్ రికార్డులలో మాత్రం ఆ తరువాత కూడా వాయించాడు. 1952 - 1958 మధ్య ఇతని 14 రికార్డులు ఆ జాబితాలో మొదటి పది స్థానాలలోకి వచ్చాయి. విల్లీ డిక్సన్ రచించిన 'మై బేబ్' 1955లో ప్రథమ స్థానం పొందింది.

చివరి దశ, మరణం

1950ల చివరి నుండి ఇతని ప్రాభవం తగ్గుముఖం పట్టింది. మద్యపానం, ముక్కోపం వలన తరచు కలహాలలో చిక్కుకొని ఆరోగ్యం పాడుచేసుకున్నాడు. 1964, 1967 సంవత్సరాలలో ఐరోపాలో పర్యటించాడు. ఫిబ్రవరి 1968లో షికాగోలోని ఒక క్లబ్బులో కచేరీ విరామ సమయంలో జరిగిన కొట్లాటలో గాయపడి, ఆ రాత్రి నిద్రలోనే మరణించాడు. మరణ ధ్రువపత్రంలో గుండె రక్తనాళంలో గడ్డ ఏర్పడటాన్ని కారణంగా నమోదు చేశారు. ఇలినాయ్ రాష్ట్రంలోని ఎవర్‌గ్రీన్ పార్క్‌లో ఇతనిని ఖననం చేశారు. 1991లో అభిమానులు శిలాఫలకం ఏర్పాటు చేసేవరకు ఆ సమాధికి గుర్తంటూ ఏమీ లేదు.

డిజిటల్ యుగంలో వాల్టర్ ధ్వని

పాత వాల్వు యాంప్లిఫయర్లు బరువైనవి, ఖరీదైనవి. అందుచేత వాటి ధ్వనిని డిజిటల్ పరికరాలలో పునఃసృష్టించే ప్రయత్నాలు జరిగాయి. యాంప్లిఫయరు వలయాన్ని గణిత సూత్రాలతో అనుకరించడం ఒక పద్ధతి. యాంప్లిఫయరులోనికి పరీక్ష సంకేతాలు పంపి, వెలువడిన ధ్వనిని వాటితో పోల్చి నమూనా తయారుచేయడం రెండవ పద్ధతి. జర్మనీకి చెందిన కెంపర్ సంస్థ 2011లో ఈ రెండవ పద్ధతిలో పనిచేసే పరికరాన్ని విడుదల చేసింది. తరువాత కృత్రిమ నాడీ జాలాలను ఉపయోగించే పరికరాలు, సాఫ్ట్‌వేర్లు వచ్చాయి.

అయితే ఇటువంటి నమూనాలలో అధికభాగం గిటార్ కొరకు తయారైనవి. హార్మోనికాకు అవి నేరుగా సరిపోవు. ధ్వని వృద్ధి ఎక్కువైతే మైకు కీచుమంటుంది. అందువలన హార్మోనికా వాద్యకారులు నిజమైన యాంప్లిఫయర్లలో కూడా తక్కువ వృద్ధినిచ్చే వాల్వులను అమర్చుకుంటారు. పాతకాలపు క్రిస్టల్ మైకుకు నిరోధం ఎక్కువ. దానిని తక్కువ నిరోధం గల ప్రవేశమార్గానికి కలిపితే మంద్రధ్వనులు నశిస్తాయి. పైగా ఇటువంటి నమూనా సాధారణంగా యాంప్లిఫయరును ఒక నిర్దిష్ట అమరికలో మాత్రమే బంధిస్తుంది. ఊపిరి తీరు, చేతుల బిగువు అందులోకి రావు. వాల్టర్ వాదనలో ప్రధానమైన ఆ భాగాన్ని వాద్యకారుడు స్వయంగా అభ్యసించవలసినదే.

గౌరవాలు

వాల్టరుకు 1980లో బ్లూస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది. 2008లో 'జ్యూక్' గ్రామీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. అదే సంవత్సరం సహవాద్యకారుల విభాగంలో ఇతనికి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం ఇచ్చారు. చెస్ సంస్థ కథతో 2008లో వచ్చిన 'కాడిలాక్ రికార్డ్స్' చలనచిత్రంలో వాల్టర్ పాత్రను కొలంబస్ షార్ట్ పోషించాడు.