చిత్రకారుడు దామెర్ల రామారావు

విద్యార్థులారా! చిత్రలేఖనపు తరగతిలో రేఖ, వర్ణము, వెలుగునీడలు, సంప్రదాయము అను మాటలను మీరు తఱచుగ వినుచుందురు. ఈ మాటలన్నియు ఒక్క జీవితమున సార్థకములైన తీరు దామెర్ల రామారావుగారి చరిత్ర వలన తెలియును.

వీరు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీని రాజమహేంద్రవరమున జన్మించిరి. బాల్యమునుండియు వీరికి చిత్రలేఖనమునందు మిక్కిలి మక్కువ. ఆ పట్టణమున ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షులుగ నుండిన ఆస్వాల్డు కూల్డ్రే దొరగారు స్వయముగ చిత్రకారులు. వారు ఈ బాలుని నేర్పు కనిపెట్టి, చేరదీసి, ప్రోత్సహించిరి.

రామారావుగారు 1916లో బొంబాయి జె. జె. చిత్రకళాశాలలో చేరి 1920 వఱకు అభ్యసించిరి. అచట నేర్పునది పాశ్చాత్య పద్ధతి. ఎదుట నిలిచిన మనుష్యుని చూచి అవయవముల కొలత తప్పక వ్రాయవలెను. వెలుగు పడిన చోటును నీడ పడిన చోటును వేఱుపఱచి, చదునైన కాగితముపై గుండ్రదనము చూపవలెను. దీనినే వాస్తవిక రీతి యందురు. ఆ కాలముననే కలకత్తాలో అవనీంద్రనాథ టాగూరుగారును వారి శిష్యులును వంగ సంప్రదాయమును పెంపొందించుచుండిరి. పలుచని నీటిరంగులను పొరలు పొరలుగ పూయుచు, నడుమ నడుమ నీట తడిపి, మంచు కప్పినట్టి మృదుత్వమును వారు సాధించిరి.

రామారావుగారు ఈ రెండు మార్గములను ఎఱిగియు దేనికిని దాసులు కాలేదు. బొంబాయిలో నేర్చిన శరీరజ్ఞానమును నిలుపుకొని, అజంతా గుహాచిత్రములందలి తీగవలె సాగు రేఖను గ్రహించి, తెలుగు స్త్రీపురుషులను, గోదావరీ తీరమును చిత్రించిరి. సీసపు కలముతో చిత్తుచిత్రములు గీసిరి. నీటిరంగులతోను, నెమ్మదిగ ఆరు తైలవర్ణములతోను వ్రాసిరి. పుష్పాలంకారము, నందిపూజ, సిద్ధార్థ రాగోదయము వారి ప్రసిద్ధ చిత్రములు. ఆంధ్ర చిత్రకళకు స్వంత ముఖము ఏర్పడినది వీరి చేతనే యని పెద్దలు తలంతురు.

తాము నేర్చినది తమతోనే అంతరింపరాదని వీరు స్వగ్రామమున చిత్రకళాశాలను నెలకొల్పిరి. వీరి సతీమణి సత్యవాణిగారును చిత్రలేఖనము చేసిరి. కాని 1925 ఫిబ్రవరి 6వ తేదీని మశూచి వారిని పొట్టన పెట్టుకొనెను. అప్పటికి ఇరువది యెనిమిది యేండ్లైనను నిండలేదు. ఆ మహమ్మారి లోకమునుండి తొలగెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది 1980లో. గురువు పోయినను విద్య పోలేదు. మిత్రులు వరదా వెంకటరత్నముగారు ఆ పాఠశాలను నిలిపిరి. రామారావుగారి చిత్రములను రాజమహేంద్రవరమున వారి పేరిటి చిత్రశాలలో నేటికిని చూడవచ్చును.

ఆత్మకూరు బాలబాలికలారా! విద్యను ఎంత దూరమేగియైనను నేర్వుడు. కాని కన్నులను మీ యూరిమీద నిలుపుడు. సూర్యాపేట చెంతనే పిల్లలమఱ్ఱి ఆలయములందు కాకతీయ శిల్పుల రేఖలు రాతిలో నిలిచియున్నవి. నాట్లు వేయు తల్లుల వంగిన వీపులందును రేఖ గలదు. రామారావుగారికి దొరకిన కాలము కొంచెము. దానిని వారు వృథా చేయలేదు. మీ చేతిలోని కాగితమును మీరును వృథా చేయకుడు.