డాక్టర్ ఐడా స్కడ్డర్

వేలూరు పేరు వినగానే కోటతోపాటు అక్కడి పెద్ద ఆసుపత్రి కూడ గుర్తుకు వస్తుంది. చిత్తూరు, పలమనేరు ప్రాంతాల తెలుగువారే కాక, దేశం నలుమూలలనుండి రోగులు అక్కడికి వస్తూ ఉంటారు. క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి అయిన దానికి బీజం వేసినవారు డాక్టర్ ఐడా సోఫియా స్కడ్డర్.

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించారు. తాత అమెరికానుండి వచ్చి వైద్యసేవ చేసినవాడు. తండ్రి జాన్ స్కడ్డర్ కూడ వైద్యుడే. చిన్నతనంలో కరవునాటి ఆకలిబాధలను ఐడా కళ్ళారా చూచారు. అందుచేత ఇక్కడ జీవించాలనే కోరిక ఆమెకు ఉండేది కాదు. అమెరికాలో చదువుకొంటూ అక్కడే స్థిరపడాలనుకొన్నారు. తల్లికి జబ్బు చేయడంతో, సేవచేసి తిరిగి వెళ్దామని 1890లో తిండివనం వచ్చారు.

అక్కడ ఒకనాటి రాత్రి ముగ్గురు వ్యక్తులు ఒకరి తరువాత ఒకరు ఆమె ఇంటి తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ ప్రసవవేదన పడుతున్నారు. ఐడాను రమ్మని వారు వేడుకొన్నారు. తనకు వైద్యం తెలియదని, తండ్రి వస్తారని ఆమె చెప్పారు. పరపురుషుడు తమ స్త్రీలను తాకరాదన్న ఆచారాన్ని వారు కాదనలేకపోయారు. ముగ్గురివీ వేరు వేరు కులమతాలు. ఆచారం మాత్రం ఒక్కటే. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ మరణించారు. వైద్యుడు ఊళ్ళోనే ఉన్నా ప్రాణాలు దక్కలేదు. ఆ రాత్రితో ఐడా తన దారి మార్చుకొన్నారు.

అమెరికాకు వెళ్ళి వైద్యం చదివి, 1899లో కార్నెల్ వైద్య కళాశాలనుండి పట్టా పొందారు. 1900లో వేలూరు చేరి ఇంట్లోని ఒక చిన్న గదిలో వైద్యం ఆరంభించారు. న్యూయార్క్ బ్యాంకరు షెల్ తన భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన పదివేల డాలర్ల విరాళంతో 1902లో 40 పడకల ఆసుపత్రి వెలసింది.

అయితే పల్లెల్లోని రోగులందరూ వేలూరు రాగలరా? నడవలేనివారి మాటేమిటి? రోగి రాలేకపోతే వైద్యమే రోగి దగ్గరకు వెళ్ళాలని ఐడా తలచారు. 1909లో ఒక చిన్న కారులో గుడియాత్తం దారిపట్టారు. అది 30 కిలోమీటర్లకు పైగా ఉన్న దారి. మొదట్లో ఆ కారును చూచి జనం భయపడి పారిపోయేవారు. క్రమంగా వారానికొకసారి చెట్లనీడలో కారుకోసం ఎదురుచూడసాగారు. ఐడా అక్కడే పుండ్లు కడిగి కట్లు కట్టేవారు, మందులు ఇచ్చేవారు. ఇతరులు దూరంగా ఉంచిన కుష్ఠురోగులకు కూడ అక్కడ చికిత్స దొరికేది.

ఒక్కరు ఎంతమందికని వైద్యం చేయగలరు? అందుచేత ఐడా ఆ విద్యను పదిమందికి నేర్పదలచారు. 1909లో నర్సుల శిక్షణ ప్రారంభించారు. 1918లో స్త్రీల వైద్య పాఠశాల స్థాపించారు. ఆడపిల్లలు ఎవరు వస్తారని అధికారులు సందేహించారు. కాని 151 దరఖాస్తులు వచ్చాయి. తొలి జట్టులో పరీక్షకు కూర్చున్న 14 మందీ 1922లో ఉత్తీర్ణులయ్యారు.

1938లో పెద్ద చిక్కు వచ్చిపడింది. వైద్యవిద్యను డిగ్రీస్థాయికి పెంచకపోతే పాఠశాల మూతపడే పరిస్థితి ఏర్పడింది. డెబ్బై ఏళ్ళు దాటిన ఐడా అమెరికాలో ఊరూరా తిరిగి నిధులు సేకరించారు. 1942లో అది వైద్య కళాశాలగా మారింది. 1947నుండి పురుషులనూ చేర్చుకొన్నారు.

ఆ కళాశాలలో చికిత్సతోపాటు పరిశోధన కూడ పెరిగింది. కుష్ఠువల్ల వేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోతాయని జనం నమ్మేవారు. అక్కడికి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ రోగుల చేతులను ఓపికగా పరిశీలించారు. స్పర్శ తెలియకపోవడంవల్ల కాలినా, తెగినా రోగి గమనించడని, ఆ గాయాలే ముదిరి వేళ్ళను పాడుచేస్తున్నాయని గ్రహించారు. బలంగా ఉన్న కండరపు స్నాయుబంధనాన్ని వంకరపోయిన వేళ్ళకు కలిపే శస్త్రచికిత్సను 1948లో ప్రారంభించారు. రోగులు మళ్ళీ తమ చేతులతో పనిచేసుకోగలిగారు. 1955లో వేలూరు దగ్గరి కరిగిరిలో కుష్ఠురోగ పరిశోధన కేంద్రం వెలసింది. ఐడా జీవించి ఉండగానే ఇవన్నీ జరిగాయి.

1960 మే నెలలో, 89వ ఏట ఐడా కన్నుమూశారు. ఆమె కారు సాగిన గుడియాత్తం దారిలోని కె.వి.కుప్పంలో 1977లో గ్రామీణ ఆరోగ్య కేంద్రం ఏర్పడింది. తనకు వైద్యం తెలియదని ఒకనాడు చెప్పవలసివచ్చిన ఐడా, ఆ మాట మరొక ఆడపిల్ల చెప్పవలసిన అవసరం రాకుండా ఒక విద్యాలయాన్నే నిలిపారు. తాను నేర్చిన విద్యను ఇతరులకు నేర్పినవారి సేవ వారితో ముగిసిపోదు.