మహమూదు గవాను

బీదరునందలి గాంధీగంజు ధాన్యపు వర్తకమునకు పేరువడిన పేట. తన చేవ్రాలు పరులచేత చిక్కరాదనియు, తన ముద్ర పరుల కాగితముపై పడరాదనియు వర్తకుడైనవాడు ఎల్లప్పుడును జాగ్రత్త వహించును. ఈ పట్టణమునుండి ఒక మహారాజ్యమును నడపిన వర్తకు డొకడు సరిగా ఆ ప్రమాదముననే ప్రాణములు గోల్పోయెను. అతడు ఖ్వాజా మహమూదు గవాను. 1472లో అతడు కట్టించిన విద్యాలయము, కూలినది కూలగా, ఒంటి మినారుతో నేటికిని పాతపట్టణమున నిలిచియున్నది.

గవాను 1411 ప్రాంతమున పారసీక దేశపు గీలానులో జన్మించెను. స్వదేశపు రాజాస్థానమునందలి పగలకు దూరముగా తొలగి, వ్యాపారము చేపట్టి, 1453 ప్రాంతమున దాభోలు రేవున దిగి బీదరు చేరెను. కొలువులోని కుట్రలకు వెఱచి దేశమును వీడినవాడు మఱియొక కొలువున ప్రవేశించుట విధివిలాసమే యనవలెను. 1458లో సింహాసన మెక్కిన హుమాయూను షా ఇతనికి వర్తకరాజని యర్థము వచ్చు మలిక్-ఉత్-తుజ్జార్ బిరుద మిచ్చి గొప్ప పదవి నొసగెను.

ఆ హుమాయూనునే లోకము జాలిమని పిలిచినది. ఆ పేరు ఊరక రాలేదు. 1459లో బహమనీ సేనలు మన తెలుగునాటి దేవరకొండను ముట్టడించియుండగా గజపతుల సైన్యము వెలమదొరలకు తోడుగా వచ్చినది. కొండల నడుమ చిక్కుపడక మైదానమునకు తగ్గి పోరుట మేలని నిజాముల్ ముల్కు గోరీ యను సేనాని హితవు చెప్పెను. పై సేనాని వినలేదు, సేన నాశనమైనది. సుల్తాను ఎదుట ఆ పై సేనాని తప్పంతయు హితవు చెప్పినవానిపైననే మోపగా, సుల్తాను వాని తల తీయించెనని ఫిరిస్తా వ్రాసియున్నాడు. మఱుసటి యేడు రాజధానిలో తిరుగుబాటు జరిగినప్పుడు కాపలా భటులును, నగరపు కొత్వాలును చిత్రవధ పాలైరట. ఇట్టి ప్రభువు క్రింద గవాను ఉన్నతోద్యోగి. అతని గుణములను మెచ్చువారమైనను ఈ యంశమును మేము దాటవేయజాలము.

1461లో హుమాయూను మరణించెను. బాలరాజుల తరపున రాజమాతయు, గవానును, మఱియొక మంత్రియు రాజ్యభారము వహించిరి. 1466 నాటికి, మూడవ మహమ్మదు షా కాలమున, గవాను ఏకైక ప్రధాని. 1472లో గోవాను జయించెను. విద్యాలయమున మూడువేల గ్రంథములు చేర్చెను. స్వంత ఖర్చులకు తన వ్యాపారపు మూలధనమునే వాడుకొనెననియు, మట్టి పాత్రలలో వండిన యన్నము తిని చాపపై పరుండెడివాడనియు చరిత్రకారులు చెప్పుదురు.

అయితే అతనికి శత్రువులను తెచ్చిపెట్టినది ఈ నిరాడంబరత గాదు, పరిపాలనా సంస్కరణము. నాలుగు తరఫులుగా నున్న రాజ్యమును ఎనిమిదిగా విభజించెను. మన తెలంగాణము ఓరుగల్లు, రాజమహేంద్రవరము అను రెండు భాగములయ్యెను. తరఫుదారున కొక్క కోటయే విడిచి తక్కిన కోటలకు కేంద్రమునుండియే అధికారులను నియమించెను. భూములు కొలిపించెను, కొన్నిటిని రాజు ఖాసా క్రిందికి తెచ్చెను. తెలంగాణమంతయు తనదే యనుకొన్న మలిక్ హసనునకు సగము మిగిలినది. పాలెగాండ్రవలె మెలగు తరఫుదారుల చేతులకు కట్టు వేయుట మంచిదే. కాని వారినుండి తీసిన బలమంతయు చేరిన చోటు రాజు హస్తము. ఆ హస్తమునకు గవాను ఏ కట్టును వేయలేదు, వేయగల స్థితియు నాడు లేదు.

1481 ఏప్రిల్ నెల. సుల్తాను కొండపల్లి చెంత విడిసియుండెను. గవాను ముద్రను భద్రపఱచు హబ్షీ బానిసను శత్రువులు మచ్చిక చేసికొని, ఒట్టి కాగితముపై ముద్ర వేయించుకొని, ఓఢ్ర గజపతి పురుషోత్తముని దండెత్తి రమ్మని పిలుచు జాబును దానిపై వ్రాసిరి. మద్యపానమత్తుడైన సుల్తాను వెంటనే ప్రధానిని పిలిపించెను. గుజరాతునకు పాఱిపొమ్మని మిత్రులు చెప్పినను గవాను వినలేదు. ద్రోహికి దండన మేమని సుల్తాను అడుగగా మరణమేయని బదులు చెప్పెను. జాబు చూపగా, ముద్ర తనదే గాని వ్రాత తనది కాదనెను. జాబు నెవడు వ్రాసెను, ఎవడు మోసికొని పోవుచుండెను, ముద్ర ఎవని యధీనమున నుండెను అను ప్రశ్నలు పుట్టనేలేదు. సుల్తాను లేచి లోనికి పోవుచు జౌహరను బానిసకు సైగ చేసెను. డెబ్బదేండ్ల వృద్ధుని తల తెగినది.

విచారణ లేక శిక్షించుటకు రాజద్రోహము కంటె అనువైన నేరము లేదు. నేర మెంత పెద్దదో సాక్ష్య మంత హెచ్చుగా నుండవలెనని మేము తలంతుము. అధికారము మాత్రము తద్విరుద్ధముగా తలంచును. మన రాజ్యాంగపు 311వ అధికరణము, ఆరోపణలు తెలిపి, చెప్పుకొను అవకాశ మిచ్చి, విచారించినగాని ప్రభుత్వోద్యోగిని తొలగింపరాదని శాసించినది. అయినను రాజ్యభద్రత దృష్ట్యా విచారణ తగదని రాష్ట్రపతిగాని గవర్నరుగాని తలంచినచో ఆ రక్ష వర్తింపదని ఆ అధికరణమే చెప్పుచున్నది. గవానుపై మోపినదియు రాజ్యభద్రతకు సంబంధించిన నేరమే! ఈ మినహాయింపును పాలకు లెంత యరుదుగా వాడుదురో, ఉద్యోగు లంత ధైర్యముగా నిజము పలుకుదురు.

గవాను ధనరాసులు దొరకునని సుల్తాను వెదకించెను. దొరకినది స్వల్పము, తక్కినది పేదలకు పంచబడినదని కోశాధికారి తెలిపెను. అప్పుడు గాని ప్రభువునకు పశ్చాత్తాపము కలుగలేదు. అప్పటికే శిబిరము మాఱిపోయినది. పెద్ద సేనానులు తమ దండులతో దూరముగా విడిది చేసి, పిలిచినను రాక, అల్లంత దూరమునుండియే సలాములు చేయసాగిరి. గవాను కంతటివానికే వినుకలి లేనప్పుడు తమ మాట యెవరు విందురు?

మఱుసటి యేడు, 1482 మార్చిలో, సుల్తాను మరణించెను. కుట్రకు నాయకుడైన మలిక్ హసను రాజప్రతినిధియై 1486లో తానును హత్యకు గురియయ్యెను. 1490 నాటికి బిజాపురము, అహమ్మదునగరము, బేరారు వేఱుపడినవి. తరువాత గోలకొండయు పోయినది. బీదరులో బరీదుల చేతి బొమ్మలుగా మిగిలిన సుల్తానులలో కడపటివాడు కలీముల్లా. అతడు తన రాజ్యమును తనకు తిరిగి యిప్పింపుమని బాబరునకు రహస్యముగా జాబు పంపెను. ఈ పర్యాయము జాబు నిజమైనదే. అది బయల్పడగా 1527లో అతడు బీదరు విడిచి పాఱిపోయెను.