వాల్డెన్ తటాకపు లోతు కొలిచినవాడు

అమెరికా దేశపు ఈశాన్యభాగమును న్యూ ఇంగ్లండు అందురు. అందలి మసాచుసెట్స్ రాష్ట్రమున, బోస్టన్ నగరమునకు పడమరగా సుమారు 20 మైళ్ల దూరమున కాంకర్డ్ అను చిన్న ఊరు కలదు. 1775 ఏప్రిల్ 19న అచటి రైతులు ఒక వంతెనకడ ఆంగ్లసైన్యము నెదిరించిరి. అమెరికా స్వాతంత్ర్యయుద్ధము ఆ దినముననే ఆరంభమైనది. ఆ చోటు చూడవచ్చిన యాత్రికులలో పెక్కురు ఊరికి దక్షిణమున నున్న వాల్డెన్ తటాకమునకు కూడ పోవుదురు. తటాకతీరమున, చెట్ల నడుమ, కొన్ని చిన్న రాతిస్తంభములును, వాని ప్రక్కన ఒక రాళ్లకుప్పయు మాత్రమే కానవచ్చును. ఒకప్పుడు ఆ స్తంభముల నడుమనే హెన్రీ డేవిడ్ థోరో గుడిసె యుండెను.

థోరో 1817 జూలై 12న కాంకర్డ్‌లోనే జన్మించెను. ఆయన తండ్రి పెన్సిళ్లు చేయించి అమ్మువాడు. 1837లో హార్వర్డ్‌లో చదువు ముగించి, థోరో ఊరిబడిలో ఉపాధ్యాయుడయ్యెను. పిల్లలను బెత్తముతో శిక్షింపవలెనని పైవారు పట్టుపట్టగా, కొలది దినములకే ఆ కొలువు విడిచెను. పిమ్మట అన్నయగు జాన్‌తో కలిసి స్వయముగా బడి నడిపెను. 1842 జనవరిలో జాన్ వ్రేలికి కత్తి తగిలి, ఆ చిన్నగాయమే ధనుర్వాతమునకు దారితీసి, ఆయన తమ్ముని చేతులలో ప్రాణము విడిచెను. ఆ దుఃఖము థోరోను చిరకాలము వీడలేదు.

1844లో మరియొక ఆపద కలిగెను. చేపలు వండుకొనుటకై థోరో రాజేసిన నిప్పు ఎండుగడ్డి కంటుకొని, సుమారు 300 ఎకరముల అడవి దగ్ధమయ్యెను. ఊరివారు ఆయన నిర్లక్ష్యమును పెక్కేండ్లు మరువలేదు. మరుసటి ఏటనే ఆయన అడవిలో కాపురమునకు పోయెను.

మిత్రుడును పెద్దయునగు ఎమర్సన్‌కు వాల్డెన్ తీరమున కొంత నేల యుండెను. థోరో అందులో 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల గుడిసెను తన చేతులతో కట్టుకొని, 1845 జూలై 4న ప్రవేశించెను. దానికైన వ్యయము 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లని పైసతోసహా లెక్క వ్రాసిపెట్టెను. చిక్కుడు పండించెను; అవసరమైనప్పుడు కూలికి పోయెను. ఏడాదికి సుమారు ఆరువారములు పనిచేసినచో ఒక మనుష్యునకు జీవనము జరుగునని తేల్చెను. ఆయన సన్న్యాసి కాడు. తరచు ఊరికి పోవుచుండెను, అతిథులను ఆదరించుచుండెను. మనుష్యునకు నిజముగా ఎంత కావలెనో తెలిసికొనుటయే ఆయన సంకల్పము.

వాల్డెన్‌కు అడుగు లేదని జనులు నమ్ముచుండిరి. 1846లో, తటాకము గడ్డకట్టియుండగా, థోరో మంచులో రంధ్రములు చేసి, త్రాటికి రాయి కట్టి దింపి చూచెను. మిక్కిలి లోతైన చోట 102 అడుగులు తేలెను. తరువాతివారి కొలతలు దానితో సరిపోయెను.

ఆ ఏటి జూలైలోనే ఆయన అంతరాత్మకు పరీక్ష వచ్చెను. బానిసత్వమును కాపాడు ప్రభుత్వమునకు ఆయన కొన్ని ఏండ్లుగా తలపన్ను కట్టుట మానియుండెను. మెక్సికోపై అప్పుడే మొదలైన యుద్ధము ఆ నిశ్చయమును దృఢపరచెను. అందులకై ఆయనను ఒక రాత్రి చెరలో నుంచిరి. ఆయనకు ఇష్టము లేకున్నను, మరియొకరు పన్ను చెల్లింపగా విడుదలయ్యెను. ఆ అనుభవమునుండి వెలువడిన వ్యాసము 1849లో అచ్చయ్యెను. సత్యాగ్రహము 1906లోనే ఆరంభమైయుండినను, గాంధీమహాత్ముడు 1907లో ఆ వ్యాసభాగములను దక్షిణాఫ్రికాలోని తన పత్రికయందు ప్రకటించెను. థోరో మాటతో నిలిచిపోలేదు. 1851లో పారిపోయి వచ్చిన ఒక బానిసకు ఇంట ఆశ్రయమిచ్చి, కెనడాకు పోవుటకు రైలెక్కించెను.

1846–47 శీతకాలమున కూలీలు వచ్చి వాల్డెన్ మంచును కోసి గుట్టలుగా పేర్చిరి. అప్పటికే న్యూ ఇంగ్లండు మంచు ఓడలలో కలకత్తాకును మద్రాసుకును చేరుచుండెను. విల్కిన్స్ ఆంగ్లానువాదమున భగవద్గీతను చదువుచుండిన థోరో, తన బావినీరు గంగతో కలియుచున్నదని తలచి ఆనందించెను. మద్రాసు సముద్రతీరమున ఆ వ్యాపారమునకై కట్టిన మంచుగిడ్డంగిలోనే 1897లో స్వామి వివేకానందులు బస చేసిరి.

1847 సెప్టెంబరు 6న థోరో గుడిసె విడిచి ఊరు చేరెను. భూములు కొలుచు వృత్తితో జీవించెను. ఆయన మొదటి పుస్తకము 1000 ప్రతులు అచ్చుకాగా, 1853లో 706 ప్రతులు అమ్ముడుపోక తిరిగివచ్చెను. ఆయన వెనుదీయక, వాల్డెన్ గ్రంథమును మరల మరల తిరుగవ్రాసి 1854లో వెలువరించెను. 1862 మే 6న, 44వ ఏట, క్షయవ్యాధితో మరణించెను. కాంకర్డ్ శ్మశానమున ఆయన పేరుమాత్రమే చెక్కిన చిన్నరాయి కలదు.

గుడిసెను రైతులు కొనిపోయి ధాన్యము నిలువయుంచుకొనిరి. పిదప దానిని విప్పివేసిరి. అది ఉండిన సరియైన తావు 1945లో త్రవ్వకమువలన తెలిసెను. 1872లో మొదలైన రాళ్లకుప్పపై నేటికిని యాత్రికులు తలయొక రాయి వేయుదురు. థోరో మాత్రము ఆ గుడిసెను పుణ్యక్షేత్రముగా ఎంచలేదు; పని ముగియగనే విడిచిపోయెను. అడుగు లేదని లోకము చెప్పిన తటాకమునకు ఒక త్రాడు, ఒక రాయి చాలెను. మన కోరికల లోతు ఎంతయో, అట్లే త్రాడు దింపి చూచిన దినమే వాల్డెన్ యాత్ర సఫలమగును.